కావడి మోసే భుజానికీ విశ్రాంతి

తల్లిదండ్రుల సేవ అనగానే మనకు మొదట స్ఫురించేది శ్రవణకుమారుని కథ. చూపులేని తల్లిదండ్రులను కావడిలో కూర్చోబెట్టుకొని తీర్థయాత్రలు చేయించిన కుమారునిగా ఆయన జనుల నాలుకలపై నిలిచిపోయాడు. వాల్మీకి రామాయణంలో ఆ మునికుమారునికి పేరు లేదు. అయోధ్యాకాండలో, రాముని ఎడబాటుతో కుమిలిపోతున్న దశరథుడు ఆ వృత్తాంతాన్ని కౌసల్యకు తానే చెబుతాడు. సరయూ తీరంలో, చీకటివేళ, కుండలో నీరు నిండుతున్న చప్పుడు విని ఏనుగు నీరు తాగుతున్నదని భ్రమపడి ఆయన విడిచిన బాణం ఆ బాలుని బలిగొన్నది.

ఆ తరువాతి ఘట్టాన్ని మనం తరచుగా త్వరత్వరగా దాటిపోతాం. రాజు నీటికుండ పట్టుకొని వృద్ధుల దగ్గరకు వెళ్లగా, అడుగుల చప్పుడు విని కొడుకే వచ్చాడని వారు అనుకున్నారు. నిజం తెలిసిన తరువాత ఆ తండ్రి గుండె పగిలి అడిగిన ప్రశ్నలలో ఒకటి, ఇకమీదట తమకు కందమూలాలు తెచ్చి తినిపించేవారెవరని. ఆ ప్రశ్నకు రాజు దగ్గర సమాధానం లేదు. ఆ అడవిలో రెండవ మనిషి లేడు. రెండు ప్రాణాలు ఒకే ప్రాణాన్ని ఆనుకొని ఉన్నాయి. ఆ ఒక్కటి నేలకొరగగానే మూడూ ముగిసిపోయాయి.

పితృభక్తికి ఈ కథ ఆదర్శం. దానితోపాటు మరొక హెచ్చరిక కూడా ఇందులో ఉన్నది. సేవ పొందేవారి క్షేమం సేవ చేసేవారి క్షేమం మీద ఆధారపడి ఉంటుందన్నదే ఆ హెచ్చరిక. మతిమరుపు వ్యాధి సోకిన పెద్దలను ఇంట్లో ఉంచుకొని చూసుకుంటున్న ప్రతి ఇల్లాలూ, ప్రతి కొడుకూ, ప్రతి కూతురూ ఈ మాటను తమకే చెప్పినట్లుగా వినాలి. మీ ఒంటిని మీరు కాపాడుకోవడం, మీ మీద మీకు నమ్మకం కలిగి ఉండడం సేవకు అడ్డంకులు కావు. అవి సేవలో భాగాలు.

వ్యాధిని వ్యాధిగా గుర్తిద్దాం

వయసు మీద పడినకొద్దీ కొంత మరపు సహజం. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం ఆ కోవకు చెందినది. తాళంచెవిని చేతిలో పట్టుకొని అది దేనికి పనికివస్తుందో తెలియకపోవడం వేరు. అన్నం తిని చేయి కడుగుకున్న కాసేపటికే ‘నాకింకా అన్నం పెట్టలేదు’ అనడం, సొంత ఇంట్లో కూర్చొని ‘మా ఇంటికి తీసుకుపోండి’ అని ఏడవడం, కన్నబిడ్డను చూసి ‘నువ్వెవరు’ అని అడగడం, సాయంసంధ్య వేళ అకారణంగా కలవరపడడం, ఇవన్నీ మెదడు కణాలు క్రమంగా క్షీణించడం వల్ల కలిగే లక్షణాలు. వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువమందిలో కనిపించే రూపం అల్జీమర్స్ వ్యాధి. 1906లో దీనిని మొదటిసారి వర్ణించిన జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ పేరే దానికి స్థిరపడింది.

మన ఇళ్లలో దీనిని చాదస్తమని, మొండితనమని, ఒక్కొక్కసారి గాలి సోకిందని అనుకుంటూ ఏళ్లు గడిపివేస్తాం. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 100 మందికి 7 మందికి పైగా, మొత్తంమీద సుమారు 88 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. పురుషులకంటే స్త్రీలలో, పట్టణాలకంటే పల్లెలలో ఇది ఎక్కువని కూడా ఆ అధ్యయనమే తేల్చింది. అంటే ఇది నగరవాసుల జబ్బు అన్న అభిప్రాయం సరికాదు.

ఈ అంకెలను మన ప్రాంతానికి అన్వయించి చూడండి. పాలమూరు నేల తరతరాలుగా వలసల నేల. పెబ్బేరు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు పరిసర పల్లెల నుంచి వయసులో ఉన్నవారు బతుకుతెరువు కోసం హైదరాబాదుకు, ముంబైకి, పుణెకు తరలిపోవడం కొత్త విషయం కాదు. ఊళ్లో మిగిలేది వృద్ధ దంపతులు, లేదా వారి వద్ద ఉండిపోయిన ఒక కోడలు. పెద్దాయనకు మతి తప్పితే డెబ్బై ఏళ్ల భార్యే దాది, ఆమే కాపలాదారు. ఆమె మోకాళ్ల నొప్పులను, ఆమె మధుమేహాన్ని పట్టించుకునేవారు ఎవరు?

ఒక రాత్రిని ఊహించుకోండి. జీవితమంతా సేద్యం చేసి, ప్రతి శనివారం పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు చూసిన మనిషి. అర్ధరాత్రి లేచి గొళ్లెం తీసి, ‘సంతకు పోవాలె, ఎడ్లను తోలుకపోవాలె’ అంటూ గడప దాటుతాడు. ఎడ్లను అమ్మి ఇరవై ఏళ్లయింది. ఊరి పక్కనే రాత్రింబవళ్లు లారీలు పరుగెత్తే 44వ నంబరు జాతీయ రహదారి. ఆ ఇల్లాలికి ఇక ఆ రాత్రి మాత్రమే కాదు, ఏ రాత్రీ కంటినిండా నిద్ర పట్టదు. గొళ్లెం చప్పుడు కోసం ఆమె చెవి మేల్కొనే ఉంటుంది.

అరిగిపోయే దేహం

నిద్ర లేని రాత్రులు నెలలవుతాయి, నెలలు సంవత్సరాలవుతాయి. అందరికీ పెట్టిన తరువాత మిగిలినది ఏ మూడు గంటలకో నిలబడి తినడం అలవాటవుతుంది. రక్తపోటు మాత్ర అయిపోయినా తెచ్చుకునే తీరిక దొరకదు. ‘ఆయనను విడిచి ఎట్లా వెళ్లేది’ అంటూ తన వైద్యపరీక్షను వాయిదా వేస్తుంది. గుడికి వెళ్లడం మానేస్తుంది, పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తుంది. చివరికి పలకరించేవారే కరువవుతారు.

భక్తిగల ఇళ్లలో దీనికి మరొకటి తోడవుతుంది. శనివారం ఒంటిపొద్దు, ఏకాదశి ఉపవాసం, కార్తీక నియమాలు. ఇవి పవిత్రమైనవే. అయితే మధుమేహానికి మందు వాడుతూ, రాత్రంతా మేల్కొని, పగలంతా ఒక మనిషిని లేపుతూ కూర్చోబెడుతూ ఉండే స్త్రీ కటిక ఉపవాసం చేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. బాలురకు, వృద్ధులకు, రోగులకు ఉపవాస నియమాలను సడలించినవారు మన ధర్మశాస్త్రకారులే. ఆ సడలింపును వాడుకోవడానికి సంకోచించనక్కరలేదు. వైద్యుని సలహా తీసుకోండి. ఉపవాసానికి బదులు నామస్మరణ చేయండి.

నిర్లక్ష్యం చేసిన దేహం ఎంతగా దెబ్బతింటుందో పరిశోధకులు లెక్కగట్టారు. అనారోగ్యంతో ఉన్న జీవిత భాగస్వామిని చూసుకుంటున్న వృద్ధులను అమెరికాలో నాలుగేళ్లపాటు గమనించి 1999లో ఒక నివేదిక వెలువరించారు. సేవ వల్ల తీవ్రమైన ఒత్తిడికి లోనవుతున్నవారిలో మరణం ముప్పు, అటువంటి బాధ్యత లేని వారికంటే 63 శాతం అధికంగా కనిపించింది. సేవ చేస్తున్నా ఒత్తిడికి లోనుకాని వారిలో అటువంటి తేడా స్పష్టంగా కనబడలేదు. ఈ రెండవ వాక్యాన్ని మరొకసారి చదవండి. సేవ మనిషిని చంపదు. ఒంటరితనంతో, విశ్రాంతి లేకుండా, నలిగిపోతూ చేసే సేవ చంపుతుంది.

1995లో వచ్చిన మరొక చిన్న అధ్యయనం ఇంకా ఆశ్చర్యకరమైనది. మతిమరుపు వ్యాధిగ్రస్తులైన బంధువులను చూసుకుంటున్న 13 మంది స్త్రీల చర్మంపై, అదే వయసుగల మరి 13 మంది స్త్రీల చర్మంపై ఒకే పరిమాణంలో చిన్న గాయం చేసి, అది మానే తీరును పరిశీలించారు. సేవ చేస్తున్న స్త్రీలలో గాయం మానడానికి సగటున 9 రోజులు అదనంగా పట్టింది. మనసులోని భారం చర్మం దాకా వెళ్లి పనిచేస్తుందన్నమాట.

నాలుగు పాదాలలో ఒకటి

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. చికిత్సకు నాలుగు పాదాలని చరకసంహిత చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. మంచానికి ఒక కోడు విరిగితే మిగిలిన మూడు కోళ్లు ఎంత గట్టివైనా ప్రయోజనం ఉండదు. పరిచారకునికి ఉండవలసిన గుణాలను కూడా చరకుడు నాలుగుగా పేర్కొన్నాడు. ఉపచారం చేసే తెలివి, దక్షత, రోగిపై అనురాగం, శుచిత్వం. ప్రేమ ఒక్కటే చాలునని ఆయన అనలేదు. ప్రేమతోపాటు పని తెలిసి ఉండాలన్నాడు. ఆ గ్రంథమే శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతలలో ఆహారాన్ని, నిద్రను చేర్చింది.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు చెప్పినదీ ఇదే. అతిగా తినేవానికి గానీ అసలే తిననివానికి గానీ, అతిగా నిద్రించేవానికి గానీ ఎల్లప్పుడూ మేల్కొని ఉండేవానికి గానీ యోగం సిద్ధించదని, ఆహారంలో, విహారంలో, నిద్రలో మితం పాటించేవానికే అది దుఃఖాన్ని తొలగిస్తుందని ఉపదేశించాడు. కాళిదాసు కుమారసంభవంలో, ఘోరతపస్సు చేస్తున్న పార్వతి దగ్గరకు బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు ఆమెను అడిగే కుశలప్రశ్నలలో ఒకటి, నీ శక్తికి తగినంత మేరకే తపస్సు చేస్తున్నావు కదా అని. ధర్మాన్ని ఆచరించడానికి మొదటి సాధనం శరీరమేనని ఆ సందర్భంలోనే గుర్తుచేస్తాడు. సాక్షాత్తు పార్వతీదేవిని ఆయన అడిగిన ప్రశ్నను, రోగి మంచం పక్కన కూర్చున్న కోడలిని మనలో ఎవరైనా అడిగామా?

‘నావల్ల కాదు’ అనే మాట ఎక్కడి నుంచి పుడుతుంది?

పెబ్బేరు నుంచి కర్నూలు దారిలో కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామి కొలువై ఉన్నాడు. ఆ దారిన వెళ్లేవారు ఒక్క క్షణమైనా ఆగి చేతులు జోడిస్తారు. ఆ స్వామి చరిత్రలోనే ఆత్మవిశ్వాసానికి సంబంధించిన గొప్ప పాఠం ఉన్నది. కిష్కింధాకాండ చివర, సముద్రపు ఒడ్డున వానరవీరులు ఒక్కొక్కరే తాము ఎన్ని యోజనాలు దూకగలరో చెప్పుకుంటారు. అంగదుడు నూరు యోజనాలు వెళ్లగలనంటాడు గానీ తిరిగి రాగలనో లేదో చెప్పలేనంటాడు. హనుమంతుడు ఒక పక్కన మౌనంగా కూర్చొని ఉంటాడు. బాల్యంలో మునులిచ్చిన శాపం వల్ల ఆయనకు తన బలం గుర్తులేదు. జాంబవంతుడు దగ్గరకు వెళ్లి, నీవెవరివో తెలుసా అని గుర్తుచేసిన తరువాతే ఆయన పెరిగి పెద్దవాడవుతాడు.

మతిమరుపు వ్యాధి ఇంట్లో రెండు విధాలుగా పనిచేస్తుంది. రోగి లోకాన్ని మరచిపోతాడు. రోగిని చూసుకునేవారు తమ బలాన్ని మరచిపోతారు.

ఆ బలాన్ని గుర్తుకు తెచ్చుకునే మార్గాలు ఏవి? ఒక పనిని చేయగలనన్న నమ్మకం మనిషికి నాలుగు తోవలలో వస్తుందని ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ప్రతిపాదించాడు. మొదటిది, స్వయంగా చేసి చూసిన అనుభవం. రెండవది, తనవంటి మరొకరు చేయగా చూడడం. మూడవది, నమ్మదగినవారి ప్రోత్సాహం, అంటే జాంబవంతుని మాట. నాలుగవది, తన శరీరమూ మనసూ ఆ సమయంలో ఉన్న స్థితి.

ఈ నాలుగవదాన్ని కొంచెం లోతుగా ఆలోచించండి. రాత్రి నిద్ర లేక, ఉదయం నుంచి ఏమీ తినక, నడుము నొప్పితో ఉన్నప్పుడు ‘నావల్ల కాదు, నాకు చేతకాదు’ అనిపిస్తుంది. ఆ మాట మీ సామర్థ్యం పలికిస్తున్నది కాదు, మీ అలసట పలికిస్తున్నది. నాలుగు గంటలు నిద్రపోయి, వేడిగా రెండు జొన్నరొట్టెలు తిని చూడండి. అదే పని చేయదగినదిగా కనిపిస్తుంది. దేహాన్ని నిర్లక్ష్యం చేస్తే నమ్మకం సడలుతుంది. నమ్మకం సడలినవారు దేహాన్ని మరింత నిర్లక్ష్యం చేస్తారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. మతిమరుపు వ్యాధిగ్రస్తులను చూసుకునేవారికి మూడు విషయాలలో ఆత్మవిశ్వాసం ముఖ్యమని పరిశోధకులు గుర్తించారు. రోగి చిక్కు ప్రవర్తనను ఎదుర్కొనడం, తమలో పుట్టే బాధాకరమైన ఆలోచనలను అదుపు చేసుకోవడం, సాయం అడిగి విశ్రాంతి సంపాదించుకోవడం. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: తెలిసి చేసే సేవ

ఎడ్లను సంతకు తోలుకుపోతానన్న పెద్దాయన దగ్గరకు మళ్లీ వెళ్దాం. ‘ఎడ్లెక్కడివి? అమ్మి ఇరవై ఏళ్లాయె’ అని వాదిస్తే ఆయనకు కోపం వస్తుంది, భయం పెరుగుతుంది. ఆయన లోకంలో ఎడ్లు ఇంకా కొట్టంలోనే ఉన్నాయి. ‘ఇంకా చీకటున్నది, తెల్లారినంక పోదాం. మన ఎడ్లు ఎట్లుండెనో చెప్పు’ అంటూ చేయి పట్టుకొని కూర్చోబెడితే చాలాసార్లు శాంతిస్తాడు. ఇది అబద్ధమాడడం అనుకోకండి. ఆయన భయానికి తోడు నిలవడం.

ఇటువంటి మెలకువలు చిన్నవే. ఎదురుగా నిలబడి, చిన్న వాక్యాలలో, ఒకసారి ఒకే మాట చెప్పండి. ‘గుర్తులేదా? నేనెవరో చెప్పు’ అని పరీక్షలు పెట్టకండి. ‘నేను నీ చిన్నకోడలిని అత్తమ్మా’ అని మీరే చెప్పండి. స్నానం, భోజనం, నిద్ర రోజూ ఒకే వేళకు జరగనివ్వండి. పొద్దు వాలకముందే దీపాలు వెలిగించండి. తలుపుకు చిరుగంట కట్టండి. ఆయన చొక్కా జేబులో పేరు, ఫోను నంబరు రాసిన కాగితం ఉంచండి. చిన్ననాటి భజనలు, కీర్తనలు మాటలు పోయిన తరువాత కూడా చాలాకాలం నిలిచి ఉంటాయి. కొడుకు పేరు చెప్పలేని తల్లి, హారతి పాట మొదలుపెట్టగానే గొంతు కలపడం చాలా ఇళ్లలో చూసే దృశ్యమే.

ఒక రోజు ఒక మెలకువ పనిచేస్తుంది, మరునాడు చేయదు. అది మీ లోపం కాదు, వ్యాధి స్వభావం. అయితే పనిచేసిన ప్రతిసారీ దానిని గుర్తుపెట్టుకోండి. ‘ఈ రోజు గొడవ లేకుండా స్నానం చేయించగలిగాను’ అన్న చిన్న విజయమే రేపటి ధైర్యానికి మూలధనం.

అన్నిటికంటే ముందు ఒకసారి వైద్యునికి చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసిక కుంగుబాటు కూడా ఒక్కొక్కసారి ఇటువంటి మరపును తెస్తాయి. వాటికి చికిత్స ఉన్నది. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ప్రతిదానికీ హైదరాబాదు ప్రయాణం తప్పదన్న రోజులు కొంతవరకైనా మారాయి.

రెండవది: మనసును నిలబెట్టుకోవడం

ఒకే ప్రశ్నను నూరవసారి విన్నప్పుడు విసుగు రావడం, ఒక్కొక్కసారి గట్టిగా అరవడం, తరువాత పూజామందిరం ముందు నిలబడి ‘నేను పాపాత్మురాలిని’ అని కన్నీరు పెట్టుకోవడం చాలామందికి అనుభవం. మరికొందరికి ‘ఈ బాధ ఎప్పుడు తీరుతుందో’ అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకే తమను తాము అసహ్యించుకుంటారు. తల్లీ, ఆలోచన రావడం పాపం కాదు. అలసిన మనసులో అటువంటివి మెదులుతాయి. వాటిని ఎవరితోనైనా చెప్పుకోగలిగితే అవి బలహీనపడతాయి. ఎవరూ లేరనిపిస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడుపుతున్న టెలీమానస్ నంబరు 14416 ఉన్నది. వృద్ధుల సమస్యల సహాయానికి 14567 ఉన్నది. మనసు మరీ కుంగి, బతుకు మీద విరక్తి కలిగితే ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లండి.

చుట్టపుచూపుగా వచ్చినవారికి ఒక విన్నపం. ‘పూర్వజన్మలో ఏం పాపం చేసిందో’ అన్న మాట రోగి ఇంటి గడప దగ్గరే విడిచి లోపలికి రండి. కర్మసిద్ధాంతం మన ప్రవర్తనను దిద్దుకోవడానికి ఉన్నది, ఎదుటివారి గాయాన్ని కెలకడానికి కాదు. ‘ఆమె దేవత, ఎంత ఓపికో’ అన్న పొగడ్త కూడా ఒక్కొక్కసారి బరువే. దేవతకు అలసట ఉండదు కనుక ఆమెకు సాయం అక్కరలేదని మనం తప్పించుకుంటున్నామేమో ఆలోచించుకోవాలి. ప్రపంచమంతటా మతిమరుపు వ్యాధిగ్రస్తుల సేవకు ఇంటివారు వెచ్చించే గంటలలో 70 శాతం స్త్రీలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పొగడ్తకు బదులు ఒక గంట సమయం ఇచ్చినవారే నిజమైన బంధువులు.

మూడవది: సాయం అడగగలగడం

మూడింటిలో ఇదే కష్టమైనది. ‘నేను తప్ప ఆయనను ఎవరూ చూడలేరు’ అని చాలామంది అంటారు. వినడానికి అది ఆత్మవిశ్వాసంలా ఉంటుంది. లోపల మాత్రం భయం ఉంటుంది. నేను లేని గంటలో ఏమైనా జరిగితే నలుగురూ నన్నే అంటారన్న భయం. అసలైన ఆత్మవిశ్వాసం గలవారు మరొకరికి పని నేర్పి అప్పగించగలుగుతారు.

ఇక్కడ ఒకరు ఎదురుప్రశ్న వేయవచ్చు. సముద్రం దాటుతున్న హనుమంతునికి మైనాకుడు విశ్రాంతి ఇవ్వబోతే, స్వామి చేతితో తాకి ముందుకు సాగిపోయాడు కదా అని. నిజమే. అయితే ఆయనది ఒక్క లంఘనం. మీది ఏళ్ల తరబడి సాగే నడక. ఈ వ్యాధి పదేళ్లు కూడా కొనసాగవచ్చు. అంత దూరం నడిచేవారికి దారిలో మైనాకుడు ఎదురైతే కూర్చోవడమే వివేకం. అంగదుని మాట కూడా గుర్తుంచుకోండి. వెళ్లగలగడం ఒక్కటే చాలదు, తిరిగి రాగలగాలి.

అడిగేటప్పుడు స్పష్టంగా అడగండి. ‘మీరెవరూ పట్టించుకోవడం లేదు’ అన్న నిష్ఠూరానికి జవాబు రాదు. ‘వదినా, శనివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా మామయ్య దగ్గర కూర్చో, నేను ఆసుపత్రికి వెళ్లి వస్తాను’ అంటే జవాబు వస్తుంది. నగరంలో ఉన్న కొడుకులు డబ్బు పంపడంతో తమ బాధ్యత తీరిందని అనుకోకూడదు. ఏడాదిలో కొన్ని రోజులు వచ్చి, వదినకో తల్లికో సెలవిచ్చి, మంచం పక్కన తామే పడుకోవాలి. ఆ వారంలో తెలిసే సత్యం ఏ ఫోను సంభాషణలోనూ తెలియదు.

నిత్యానుష్ఠానంలో చేర్చుకోదగినవి

సంధ్యాదీపం వెలిగించడం ఎవరూ గుర్తుచేయనక్కరలేని అలవాటు. ఆరోగ్యానికి సంబంధించిన కొన్ని పనులను కూడా ఆ దీపానికి ముడివేయండి. ఉదయం దీపారాధన కాగానే మీ మందు మీరు వేసుకోండి. రోగికి అన్నం పెట్టే వేళకే మీరూ ఒక పళ్లెం పెట్టుకొని కూర్చోండి. ఆయనా మిమ్మల్ని చూసి తింటారు. పగలు ఆయన కునుకు తీసినప్పుడు గిన్నెలు తోమడం మాని మీరూ నడుము వాల్చండి. గిన్నెలు ఎక్కడికీ పోవు. రోజులో అరగంట నడక, వీలుకాకపోతే పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు. లేపేటప్పుడు నడుము వంచి గుంజకండి. మోకాళ్లు వంచి, ఆయనను మీ ఒంటికి దగ్గరగా తీసుకొని లేపండి. నెలకొకసారి ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకోండి. చాయ్ మీదనే పొద్దు గడపకండి. పొగాకుతో అలసట తీరుతుందన్నది భ్రమ.

రాత్రి జాగరణ తప్పని ఇళ్లలో ఇద్దరు ఉంటే రేయిని రెండు జాములుగా పంచుకోండి. ఒక్కరే ఉన్న ఇళ్లూ ఉన్నాయి. వారికి ఈ సలహాలన్నీ దూరపు కొండలుగా తోచవచ్చు. అటువంటివారి విషయంలో బాధ్యత వారిది కాదు, ఇరుగుపొరుగుది, ఊరిది.

ఊరు చేయదగిన సేవ

ఆలయ కమిటీలు, భజన మండలులు ఈ విషయంలో ఎంతో చేయగలవు. వారానికి ఒక సాయంత్రం, అటువంటి ఇంటికే వెళ్లి అరగంట భజన చేయవచ్చు. రోగికి శాంతి, ఇల్లాలికి ఊరట. గుడికి రాలేనివారి దగ్గరకు ప్రసాదంతోపాటు ఒక మనిషి వెళ్లి రెండు గంటలు కూర్చుంటే, అది నూరు ప్రదక్షిణాలకు తీసిపోని పుణ్యం. ఒకే కష్టంలో ఉన్న నలుగురు స్త్రీలు నెలకొకసారి గుడి మండపంలో కలుసుకుంటే, ఒకరి అనుభవం మరొకరికి ధైర్యమవుతుంది. సంతకు, బస్టాండుకు దారితప్పి వచ్చిన వృద్ధులను పిచ్చివారని తరిమివేయక, కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, జేబులో నంబరు ఉన్నదేమో చూసే అలవాటు దుకాణదారులందరికీ రావాలి.

పెబ్బేరుకు చేరువలోని శ్రీరంగాపురంలో, వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన ఆలయంలో, రంగనాయకస్వామి కొలువై ఉన్నాడు. రంగనాథుడంటేనే శేషశయనుడు. మన ఆలయ సంప్రదాయాన్ని ఒకసారి గమనించండి. సుప్రభాతంతో స్వామిని మేల్కొలుపుతాం, నివేదన చేస్తాం, రాత్రి పవళింపు సేవ జరిపి తలుపులు మూస్తాం. లోకాలను మోసే స్వామికే విశ్రాంతి వేళలు ఏర్పరచిన సంస్కృతి మనది. అనేక ఆలయాలలో అర్చకులు వంతులవారీగా కైంకర్యం చేస్తారు. ఒకరి వంతు ముగియగానే మరొకరు అందుకుంటారు. అందువల్ల అర్చకుడు అలసిపోడు, స్వామి కైంకర్యానికి లోపం రాదు.

ఇంట్లో మతి తప్పిన తల్లినో తండ్రినో దైవంగా భావించి సేవిస్తున్నామని మనం అంటాం. ఆ మాట నిజమైతే ఆ ఇల్లు ఆలయమే. ఆలయానికి ఉన్న నియమమే దానికీ వర్తించాలి. వేళకు నైవేద్యం, వేళకు పవళింపు, అర్చకులకు వంతులు. ఈ ఆదివారం మీ ఇంటివారంతా ఒకచోట కూర్చొని ఆ వంతుల పట్టికను రాసుకోండి. అందులో ఇంతకాలం ఒకే పేరు ఉన్నదని తెలిస్తే, రెండవ పేరు మీది కానివ్వండి.